అమ్మ వచ్చి చెప్తేగానీ తేలలేదు

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నాకు ఆటిజం ఉందని నిర్ధారణ అయింది. బ్యాంకులో ఆఫీసర్ని. పెళ్లయింది, ఒక పాప. ఇవి ముందే ఎందుకు చెప్తున్నానంటే, మొదట కలిసిన సైకియాట్రిస్టు సరిగ్గా ఈ మూడూ లెక్కపెట్టి, "నా కళ్లలోకి చూసి చక్కగా మాట్లాడుతున్నారు, మీకు ఆటిజం ఏంటండీ" అని పంపేశారు. నేను చూస్తున్నది ఆయన కళ్లలోకి కాదు, కనుబొమల మధ్యకి. ఇంటర్లో నేర్చుకున్న ఉపాయం అది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అక్కడిదాకా ఎందుకు వెళ్లానో చెప్పాలి. పదేళ్లకు పైగా లోను ఫైళ్లు చూసే సీట్లో హాయిగా ఉన్నాను. బ్యాంకుల విలీనం తర్వాత జరిగిన సర్దుబాట్లలో నన్ను కౌంటర్‌కి మార్చారు. నోట్లు లెక్కపెట్టే మిషన్ గరగర, టోకెన్ పిలుపులు, ఒకరి పని అవుతుండగానే పక్కనుంచి ఇంకొకరు పాస్‌బుక్ లోపలికి తోయడం. సాయంత్రం ఇంటికొచ్చాక పాప ఏదైనా అడిగితే నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఆందోళనకి మాత్రలు రాశారు, వాడాను. నిద్ర పట్టింది గానీ కౌంటర్ దగ్గర మాత్రం ఏమీ మారలేదు.

ఆటిజం అన్న ఆలోచన లంచ్ టైములో వచ్చింది. మా సహోద్యోగి కొడుక్కి ఆటిజం. చొక్కా మెడ దగ్గర లేబుల్ కత్తిరించకపోతే వేసుకోడనీ, కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుంటాడనీ, రోజూ వెళ్లే దారి మారితే గోల చేస్తాడనీ ఆవిడ చెప్తుంటే, ఇవన్నీ అందరికీ ఉండేవే కదా అన్నాను. ఆవిడ బాక్సు మూత పెట్టడం ఆపి నా వంక చూసింది.

ఆ రాత్రి ఇంటర్నెట్లో దొరికిన ప్రశ్నావళి నింపాను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు 2001లో ప్రచురించిన 50 ప్రశ్నల జాబితా అది. 32 వచ్చినా, దాటినా నిపుణులకి చూపించుకోమంటారు, నాకు బాగానే దాటింది. కానీ అది వడపోతకే తప్ప నిర్ధారణకి పనికిరాదు. పైగా అందులో ఒక ప్రశ్న నాటకానికి వెళ్తారా, మ్యూజియానికా అని. తెనాలి పిల్లని అడగాల్సిన ప్రశ్నేనా అది? నాటకాలంటే మా ఊళ్లో వీధివీధికీ తెలుసు, మ్యూజియం చూడాలంటే రైలెక్కాలి.

హైదరాబాద్‌లో ఆటిజం అన్న బోర్డులకి కొదవలేదు. అన్నిటి మీదా పిల్లల ఫోటోలే. ఫోన్ ఎత్తగానే "బాబా, పాపా? వయసెంతండీ?" అంటారు. ముప్పై ఎనిమిది అనగానే అవతల ఒక్క క్షణం ఏమీ వినపడదు. "ముప్పై ఎనిమిది నెలలా మేడమ్?" అని అడిగిన అమ్మాయి కూడా ఉంది. చివరికి పెద్దవాళ్లని కూడా చూసే ఒక క్లినికల్ సైకాలజిస్టు దొరికారు. ఎవరైనా ఈ పని మీద బయల్దేరితే ముందు ఒకటి చూసుకోండి. ఆ మనిషికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే క్లినికల్ సైకాలజిస్టుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉందా లేదా అని. కౌన్సెలర్ అని పెట్టుకున్న అందరికీ అది ఉండదు. ఖర్చు అన్నీ కలిపి పాతిక వేలకి కాస్త తక్కువైంది, ఇన్సూరెన్స్‌లో ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

ఆ సైకాలజిస్టు మొదటి రోజే విషయం తేల్చి చెప్పారు. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకం 2013లో వచ్చింది, అంతకుముందు ఆస్పర్జర్ అని వేరుగా ఉన్నదాన్ని కూడా ఆటిజం స్పెక్ట్రమ్‌లోనే కలిపేశారు. దాని ప్రకారం నలుగురితో మెలగడంలో చెప్పిన మూడు ఇబ్బందులూ ఉండాలి. ఒకే తీరు అలవాట్లు, శబ్దం, స్పర్శ లాంటివాటి దగ్గర చెప్పిన నాలుగింట్లో కనీసం రెండు ఉండాలి. అసలు మెలిక ఆ తర్వాత ఉంది. ఇవి చిన్నతనం నుంచే ఉండి తీరాలి. అయితే బయటి ఒత్తిడి మన శక్తిని మించేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చు, పెద్దయ్యాక నేర్చుకున్న ఉపాయాల చాటున దాగి ఉండొచ్చు అని కూడా అందులోనే రాసి ఉంది. నా కౌంటర్ కథ అంతా ఆ ఒక్క వాక్యంలో ఉందనిపించింది.

"మీరు ఇప్పుడు ఎలా ఉన్నారో నేను చూడగలను. నాలుగేళ్లప్పుడు ఎలా ఉన్నారో చూసినవాళ్లని తీసుకురండి," అన్నారు. నాన్న పోయి చాలా కాలమైంది. మిగిలింది అమ్మ.

అమ్మకి ఫోన్లో చెప్పడమే ఒక పని. "పిచ్చి డాక్టరా? ఎర్రగడ్డా?" అంది ముందు. హైదరాబాద్‌లో ఎప్పుడూ ఉండని మనిషికి కూడా ఎర్రగడ్డ తెలుసు, సినిమాల పుణ్యం. కాదమ్మా, నా చిన్నప్పటి సంగతులు అడుగుతారంతే అంటే, "దానికి డాక్టరెందుకే, నేను చెప్తాగా" అని మర్నాడే రైలెక్కింది.

నన్ను బయట కూర్చోబెడతారనుకున్నాను, లోపలే ఉండనిచ్చారు. అమ్మ చీరకొంగు సర్దుకుని, పెళ్లిచూపుల్లో చెప్పినట్టు మొదలుపెట్టింది. "మా అమ్మాయి బుద్ధిమంతురాలు డాక్టరమ్మా, ఒక్కనాడు అల్లరి చెయ్యలేదు. ఒక మూల కూర్చోబెడితే అక్కడే ఉండేది." ఆవిడ తల ఊపి, "ఆ మూల కూర్చుని ఏం చేసేదమ్మా?" అన్నారు. అమ్మ కాసేపు ఆలోచించింది. "బియ్యం డబ్బా మూత తిప్పుకుంటూ ఉండేది. గంటలకి గంటలు."

ఇక అక్కడినుంచి వరసగా వచ్చాయి. మంచినీళ్లు కావాలని అడగడం రాకముందే విజయవాడ రేడియో ప్రాంతీయ వార్తల మొదటి ముక్కలు అదే గొంతుతో చెప్పేదాన్నట. "అన్నం తిన్నావా?" అంటే "అన్నం తిన్నావా" అనే బదులిచ్చేదాన్నట. ఇంట్లో అందరూ పదేపదే అడిగించుకుని నవ్వుకునేవాళ్లు. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఏ స్టేషన్‌కి ఎన్నింటికి వస్తుందో బడిలో చేరకముందే అప్పజెప్పేదాన్నట, నాన్న స్నేహితులు వచ్చినప్పుడల్లా అదొక ప్రదర్శన. పెళ్లి మేళం మొదలవగానే సామాన్ల గదిలో దూరేదాన్ని. పట్టులంగా జరీ గుచ్చుకుంటోందని మా పిన్ని పెళ్లిలో అందరి ముందూ విప్పేశాను.

పక్కింటి మామ్మగారి సంగతి నాకే కొత్త. "ఉండవే, భోంచేసి వెళ్దువుగాని" అని మాటవరసకి ఆవిడ అంటే, నేను నిజంగానే పీట వాల్చుకుని కూర్చున్నానట. ఒకసారి కాదు, ఆవిడ అన్న ప్రతిసారీ. అమ్మ నవ్వుతూ చెప్పింది. సైకాలజిస్టు నవ్వుతూనే రాసుకున్నారు.

"చుట్టాలొస్తే పలకరించేదా?" అని ఆవిడ అడిగినప్పుడు మాత్రం అమ్మ మొహం మారింది. "మా ఆడపడుచులు పొగరంటే నేనే నేర్పానమ్మా. ఎప్పుడొచ్చారు అని అడుగు, మంచినీళ్లివ్వు, పిల్లలు బాగున్నారా అను అని. రోజూ వల్లె వేయించేదాన్ని, ఎక్కాల్లాగా." నాకు అవి ఇప్పటికీ అదే వరసలో వస్తాయి. పిల్లల్లేని వాళ్లని కూడా పిల్లలు బాగున్నారా అని అడిగేసి ఇరుక్కున్న రోజులున్నాయి.

తర్వాత నా వంతు. మాటల్లేని బొమ్మల పుస్తకం ఇచ్చి కథ చెప్పమన్నారు. నేను ప్రతి పేజీలో ఏమేం ఉన్నాయో పూసగుచ్చినట్టు చెప్పాను. బొమ్మలోని మనిషి ఏమనుకుంటున్నాడో చెప్పాలని తోచలేదు. మన దేశంలో వాడే కొలబద్ద, ఐసా, కూడా వేశారు. అది సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న జాతీయ సంస్థలోనే తయారై 2009లో వచ్చింది. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు. మొత్తం 70 వచ్చినా, దాటినా ఆటిజం కింద లెక్క. చాలా అంశాలు పిల్లల్ని తలుచుకుని రాసినట్టే ఉంటాయి. మాట నేర్చి, ఉద్యోగం చేసే ఆడమనిషిని అది సరిగ్గా కొలుస్తుందని నేననుకోను. ఆవిడా అదే అన్నారు, అందుకే మార్కుల కంటే అమ్మ మాటలకీ, అమ్మ ట్రంకుపెట్టెలోంచి తెచ్చిన నా ప్రోగ్రెస్ కార్డులకీ ఎక్కువ విలువిచ్చారు. మూడో తరగతి కార్డు మీద టీచరు రాసింది: "తెలివైనది. తోటి పిల్లలతో కలవదు." కలపడానికి ఎందుకు ప్రయత్నించలేదో గానీ, నన్ను బెంచీ చివర కూర్చోబెట్టడమే వాళ్లు చేసిన వైద్యం.

రిపోర్టు చేతికిచ్చిన రోజు అమ్మ అడిగింది ఒక్కటే. "నా పెంపకంలో ఏమన్నా లోపమా డాక్టరమ్మా?" ఆమెకి తెలియదు గానీ, ఆ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. తల్లి ఆప్యాయత చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని అమెరికాలో 1950, 60లలో పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. ఆటిజం ఉన్న కొడుకుని పెంచుతున్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు 1964లో అది తప్పని పుస్తకం రాశాడు. మా సైకాలజిస్టు ఇదంతా చెప్పలేదు. "మీరు వల్లె వేయించకపోతే ఈవిడ ఇంకా ముందే అలిసిపోయేదేమో, లేక ఇంకా ముందే మా దగ్గరికి వచ్చేదేమో. పెంపకం వల్ల మాత్రం రాదమ్మా," అన్నారు. అమ్మకి అందులో చివరి మాట చాలింది. తిరిగి వెళ్తూ క్యాబ్‌లో, "అయితే మీ పెదనాన్న కూడా ఇంతేగా" అంది. చనిపోయేదాకా ఒకే కంచంలో, ఒకే పీట మీద తప్ప తినని మనిషి ఆయన. అవునో కాదో ఇక ఎవరూ తేల్చలేరు, ఆయన చిన్నతనం చూసినవాళ్లు ఎవరూ లేరు. నాకూ ఇంకో పదేళ్లు ఆలస్యమైతే అమ్మకి ఇంత జ్ఞాపకం ఉండేదో లేదో.

మా ఆయన మొదట్లో "ఇప్పుడు తెలిసి ఏం చేస్తావ్?" అన్నారు. మంచి ప్రశ్నే. ఆటిజానికంటూ మందు లేదు, ఆందోళన మాత్రలు మాత్రం తగ్గించి కొనసాగిస్తున్నారు. ఇంట్లో కుక్కర్ బదులు గిన్నెలో అన్నం వండుతున్నాం. ఫంక్షన్లకి వెళ్తే భోజనాల వేళకి వెళ్లి, తినేసి వచ్చేస్తాం. మా అత్తగారికి ఏం చెప్పారో నేను అడగలేదు, ఆవిడ మాత్రం మునుపటంతగా సాగదీయడం లేదు.

ఇక మిగిలింది సర్టిఫికెట్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ సంస్థలు ఉద్యోగికి తగిన వెసులుబాటు ఇవ్వాలని అదే చట్టం 20వ సెక్షన్ చెప్తోంది, మా బ్యాంకు కూడా దాని కిందికే వస్తుంది. అయితే ప్రైవేటు రిపోర్టు చూపిస్తే సరిపోదు, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టి ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డు ముందు కూర్చోవాలి. రిజర్వేషన్ లాంటి వాటికి వైకల్యం కనీసం 40 శాతం ఉందని బోర్డు రాయాలి. అక్కడ మళ్లీ అదే ఐసా, మళ్లీ "పెళ్లయిందిగా" అనే ప్రశ్న రావచ్చు. మా మేనేజర్‌కి రిపోర్టు చూపించలేదు. మోతకి తలనొప్పి వస్తోందని చెప్పి వెనక సీటు అడిగాను, ప్రస్తుతానికి ఇచ్చారు. ఏప్రిల్‌లో బదిలీల జాబితా వస్తుంది. మళ్లీ కౌంటర్ పడితే దరఖాస్తు పెడతాను. అమ్మ ప్రోగ్రెస్ కార్డులు నా దగ్గరే వదిలి వెళ్లింది.