అమ్మ బొటనవేలు, బర్రె పొదుగు

పోయిన నెల పరకాల దగ్గర మా ఊరికి పోయేసరికి అమ్మ కుడి బొటనవేలికి గుడ్డ చుట్టుకొని ఉంది. గడ్డ లేచి చీము పట్టింది. "పసుపు పెట్టిన, తగ్గుతది తియ్" అంది. మూడు రోజులుగా అదే చేత్తో బర్రె పాలు పిండుతోంది. బర్రెకేమో వెనక చన్ను ఒకటి గట్టిబడి, పాలల్లో పలుకులు పడుతున్నాయి. అమ్మకు ఇవి రెండు సంగతులు. నాకు ఒక్కటే అనిపించింది.

నేను హనుమకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. స్లైడు మీద ఊదా రంగు ద్రాక్షగుత్తుల్లా కనబడే స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి నాకు పాత పరిచయమే. స్కాట్లాండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1882లో ఆ పేరు పెట్టింది కూడా ద్రాక్షగుత్తి అనే గ్రీకు మాట నుంచే. అందులో ఆరియస్ రకం పది మందిలో సుమారు ముగ్గురి ముక్కులో చప్పుడు లేకుండా కాపురముంటుంది. నా ముక్కు నేనెప్పుడూ పరీక్షించుకోలేదు!

అమ్మను తీసుకొచ్చి గడ్డ కోయించాం. చీము కల్చర్ పెడితే, అంటే అందులోని సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి చూస్తే, ఆరియస్. పశువుల డాక్టర్ సారు పొదుగువాపు అని పాల శాంపిల్ పంపిస్తే అందులోనూ ఆరియస్. రెండూ ఒకే సంతతివా అన్నది జన్యు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, మేం చేయించలేదు. అమ్మ మాత్రం "నేనెందుకు అంటిస్తరా, దానికే ముందొచ్చింది" అని నేరం బర్రె మీదికి తోసేసింది.

అసలు కొట్లాట పాల దగ్గర. "కాగబెడితే అన్నీ చస్తయి గదా?" అంటుంది. సూక్ష్మజీవి చస్తుంది. కానీ పాలు వెచ్చగా గంటల తరబడి ఉంటే అది వదిలే విషం మరిగించినా పోదు, తాగిన కొన్ని గంటల్లోనే వాంతులు. పైగా చన్నులోకి ట్యూబు మందు ఎక్కించినన్ని రోజులూ, ఆ తర్వాత మందు అట్ట మీద రాసినన్ని రోజులూ ఆ బర్రె పాలు పాల కేంద్రంలో పోయొద్దు. "మరి పైసలెవరిస్తరు?" నేనే ఇచ్చాను.

వేలు మానేదాకా పాలు బాపు పిండాలని తేల్చాం. మంచి బర్రెను ముందు, జబ్బు బర్రెను ఆఖర్న, నడుమ సబ్బుతో చేతులు కడుక్కొని. అంతా బాగానే ఉంది గానీ, బాపు కూర్చుంటే బర్రె చేపలేదు. చివరికి అమ్మ దాని తల దగ్గర నిలబడి, కట్టు కట్టిన చేయి వెనక్కి దాచుకొని, ఏదో ముచ్చట చెప్తుంటేనే పాలు దిగాయి.