కోస్ గుట్ట మీద పాత వైన్ కోసం

మా అమ్మాయి 2016లో పుట్టింది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో వసంతమంతా వానలు కురిశాయి; వేసవి పొడవునా ఎండలు కాశాయి; కోతలకు ముందు సెప్టెంబరులో, తీగలకు దాహం వేస్తున్న సమయానికి, మళ్ళీ ఒక వాన పడింది. ద్రాక్ష చక్కగా పండి, ఆనాటి ఎర్ర వైన్ విమర్శకుల చేత గొప్ప మార్కులు వేయించుకుంది. ఆ దేశంలోనే తులూజ్ నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న నేను, ఆ సంవత్సరపు వైన్ ఒక పెట్టె కొని అమ్మాయి కోసం దాచాలని కిందటి నవంబరులో బయలుదేరాను. బోర్డోకు రైలులో రెండు గంటల పైచిలుకు పడుతుంది. అక్కడి నుంచి చిన్న రైలులో పోయాక్ అనే ఊరు చేరి, టాక్సీ మాట్లాడుకున్నాను.

పోయాక్ ఉన్న ఈ మెడాక్ ప్రాంతపు నేలను చూస్తే ఇంత ఖరీదైన పంట ఇక్కడ పండుతుందంటే నమ్మబుద్ధి కాదు. మా కృష్ణా డెల్టా రైతు దీన్ని చేలో వేసుకోడు, అంతా గులకరాళ్ళే. నీరు నిలవకుండా జారిపోవడం వల్ల తీగ తన వేళ్ళను లోతుకు పంపక తప్పదు. పగలు కాగిన రాళ్ళు రాత్రి ఆ వేడిని గుత్తులకు అందిస్తాయి. పక్కనే ఉన్న జిరోండ్ నదీముఖం చలి తీవ్రతను తగ్గిస్తుంది.

పోయాక్ దాటి చిన్న వాగు మీదుగా గుట్ట ఎక్కగానే, ద్రాక్షతోటల నడుమ పగోడా శిఖరాలు కనిపించాయి. అదే సాంతెస్తెఫ్ గ్రామంలోని షాతో కోస్ దెస్తూర్నెల్; షాతో అంటే ఇక్కడ వైన్ తయారుచేసే ద్రాక్షతోట ఎస్టేటు. ఈ తోటను పెంచిన లూయీ గాస్పార్ దెస్తూర్నెల్ 19వ శతాబ్దం తొలినాళ్ళలో తన వైన్‌ను భారతదేశానికి ఎగుమతి చేసేవాడు. అమ్ముడుపోక ఓడలో తిరిగి వచ్చిన సీసాలు మరింత రుచిగా ఉన్నాయని గ్రహించి, వాటికి ప్రత్యేక గుర్తు వేయించాడని చెబుతారు. తూర్పు దేశాల మీది మోజుతోనే ఈ శిఖరాలు కట్టించాడు. చివరికి అప్పుల పాలై 1852లో తోట అమ్ముకున్నాడు, మరుసటి ఏడాది కన్నుమూశాడు. బోర్డో వైన్లను శ్రేణులుగా విభజించిన 1855 వర్గీకరణలో తన వైన్‌కు రెండో శ్రేణి దక్కిన సంగతి చూడడానికి ఆయన లేడు. ఆ గుమ్మం ముందు నిలబడి ఉన్నంతసేపూ నన్ను ఆ విషయమే వెంటాడింది.

లోపల 225 లీటర్ల ఓక్ పీపాలు వరుసలు తీరి ఉన్నాయి. ఒక్కొక్కదాని నుంచి దాదాపు మూడు వందల సీసాలు వస్తాయి. రుచి చూడమని ఇచ్చిన లేత వైన్ నల్లగా, చిక్కగా ఉంది. గుక్క మింగగానే పచ్చి వక్క నమిలినట్టు నాలుక, చిగుళ్ళు బిగుసుకుపోయాయి. ఆ వగరే దాని ఆయుష్షు. ఏళ్ళ తరబడి సీసాలో ఉన్నప్పుడు వగరునిచ్చే పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి అడుగున మడ్డిగా దిగుతాయి, రంగు అంచుల్లో ఇటుక ఛాయకు మారుతుంది, రుచి మెత్తబడుతుంది. నాన్నగారు ఫోనులో "సారా మీద డబ్బు పెడతావేమిట్రా?" అన్నప్పుడు, మన గాదెలో పాత బియ్యం ఎందుకు దాచేవాళ్ళమో గుర్తు చేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

వైన్ పీపాలో ఉండగానే డబ్బు కట్టి, రెండేళ్ళకు సీసాలు అందుకునే పద్ధతి బోర్డోలో ఉంది. 2009, 2010 పంటలను ఆ విధంగా ఎక్కువ ధరకు కొన్నవారిలో చాలామంది, 2011 నడిమి నుంచి మార్కెట్ పడిపోవడంతో నష్టపోయారు. అందుకే నేను సీసాలోకి వచ్చినదాన్నే, కళ్ళతో చూసి కొనాలనుకున్నాను. అంతకుముందు నాకు ఒక చేదు అనుభవం ఉంది: మంచి సీసాలు రెండు ఇంటి అలమరలో పెట్టి ఊరికి వెళ్ళి వచ్చేసరికి, తులూజ్ ఎండలకు బిరడాలు పైకి లేచి లేబుళ్ళ మీదికి వైన్ కారింది. వాటిని ఎవరూ కొనలేదు, తాగడానికీ పనికిరాలేదు.

సాయంత్రం బోర్డో తిరిగి వచ్చి, ఒక వర్తకుడి నేలమాళిగలో ఆరు సీసాల చెక్కపెట్టె చూశాను. ఆయన టార్చిలైటు వేసి ఒక్కో సీసానూ చూపించాడు: వైన్ మెడ దాకా నిండి ఉండాలి, భుజానికి దిగితే బిరడా గాలి పీల్చిందన్నమాట. ఆరూ మెడ దాకా ఉన్నాయి. పెట్టె విప్పకుండా, పన్నెండు పద్నాలుగు డిగ్రీల చల్లదనంలో, బిరడా ఎండిపోనంత తేమలో అక్కడే ఉంచితే, ఎక్కడ దాచారో రాతపూర్వకంగా చూపించవచ్చు; రేపు అమ్మబోతే కొనేవాడు మొదట అడిగేది అదే. ఏటా నిల్వ రుసుము కట్టాలి. ఆ ఖర్చు లెక్కేసుకుంటే లాభం సన్నబడుతుందని తెలిసే ఒప్పుకున్నాను.

రసీదు అమ్మాయి పేరున రాయమని అడిగాను. మైనరు పేరున కుదరదన్నారు. నా పేరునే రాయించి, 2034లో ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండాక బదిలీ చేసే మాట వెనకవైపు రాసి ఇమ్మన్నాను. వర్తకుడు కళ్ళజోడు సవరించుకుని, తేదీ అడిగి, నిదానంగా రాసిచ్చాడు.