చందా ఎవరిదో రాసే పేజీ

ఇవాళ పనంతా ఎన్నికల ఖర్చుల రిజిస్టర్ల చుట్టూనే తిరిగింది. అభ్యర్థుల దగ్గర లెక్కలు రాయడానికి కుదిరిన కుర్రాళ్లు కొందరు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు. అందరూ బీకాం చదివినవాళ్లే, కంప్యూటరులో లెక్కలు రాసే ట్యాలీ వచ్చినవాళ్లే. అయినా మొదటి ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగాం. "సార్, మిల్లు సేటు ఐదు లక్షలకు చెక్కిస్తానంటున్నడు. ఎవరి పేరు మీద రాయించాలె?" అని మిర్యాలగూడ నుంచి వచ్చిన అబ్బాయి అడిగాడు. సాయంత్రం దాకా మాట్లాడుకున్నదంతా ఆ ఒక్క చెక్కు గురించే. మర్చిపోకముందే ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఎవరి పేరు మీద అన్నదానికంటే ముందు, ఇచ్చేది ఎవరో తేల్చుకోవాలి. మిల్లు అన్నంత మాత్రాన కంపెనీ అయిపోదు. కొన్ని ఒక్కరి సొంతం. కొన్ని అన్నదమ్ములో వియ్యంకులో కలిసి పెట్టుకున్న భాగస్వామ్య సంస్థలు. కొన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు. చెక్కు మీద సంతకం దగ్గర అచ్చయిన పేరు చూస్తే తెలిసిపోతుంది. ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటే 2013 కంపెనీల చట్టం 182వ సెక్షన్ తీసి ముందు పెట్టుకోవాల్సిందే. పెట్టి మూడేళ్లు నిండని కంపెనీ రాజకీయ చందా ఇవ్వకూడదు. ప్రభుత్వ కంపెనీ అసలే ఇవ్వకూడదు. డైరెక్టర్ల బోర్డు కూర్చుని తీర్మానం చేయాలి, సేటు ఒక్కడే చెక్కుబుక్కు తీసి సంతకం గీకితే చాలదు. నగదు కుదరదు. అకౌంట్ పేయీ చెక్కు, డ్రాఫ్టు, లేదా బ్యాంకు నుంచి బ్యాంకుకు బదిలీ మాత్రమే. ఏడాది చివర లాభనష్టాల ఖాతాలో ఆ మొత్తం కనబడాలి.

ఎంత ఇవ్వచ్చన్నది ఇంకో లెక్క. గడిచిన మూడేళ్ల నికర లాభం సగటులో 7.5 శాతం. మూడేళ్లలో వరసగా 2 కోట్లు, 3 కోట్లు, 4 కోట్లు లాభం వచ్చిందనుకుంటే సగటు 3 కోట్లు, ఇవ్వగలిగింది 22 లక్షల 50 వేలు. 2017 ఆర్థిక చట్టంతో ఈ హద్దు ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇచ్చే దారి తెరుచుకుంది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల పథకాన్ని (ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే పద్ధతి) కొట్టేసినప్పుడు ఆ సవరణనూ కలిపి కొట్టేసింది. అందుకే చెక్కు తీసుకునే ముందు మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు అడగమని చెప్పాను. మొహమాటపడితే ఇబ్బంది సేటుకే. నిబంధన తప్పితే ఇచ్చినదానికి ఐదు రెట్ల దాకా జరిమానా, బాధ్యుడైన అధికారికి ఆరు నెలల దాకా జైలు.

ఇక ఎవరి పేరు మీద అన్న ప్రశ్న. ఆ 182వ సెక్షన్ మాట్లాడేది పార్టీకిచ్చే చందా గురించే. పార్టీ కోసం పనిచేసే మనిషికిచ్చినా పార్టీకిచ్చినట్టే లెక్క. పైగా ఆదాయపు పన్నులో మినహాయింపు కావాలంటే డబ్బు పార్టీకో, చందాలు తీసుకుని పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుకో వెళ్లాలి. అభ్యర్థి ఖాతాలో వేస్తే రూపాయి మినహాయింపు రాదు. కంపెనీ ఆడిటరు ఎవరైనా పార్టీకే ఇమ్మంటాడు. స్వతంత్ర అభ్యర్థికి ఈ వెసులుబాటు లేదు. పార్టీ టికెట్ మీద నిలబడేవాడికీ, ఊళ్లో మంచిపేరు మాత్రమే ఉన్నవాడికీ మధ్య తేడా ప్రచారం మొదలుకాకముందే వచ్చేస్తోంది.

అభ్యర్థికి నేరుగా వచ్చే డబ్బుకు మాత్రం ఒకటే గుమ్మం ఉండాలి. నామినేషన్ వేసే తేదీకి కనీసం ఒకరోజు ముందు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. అభ్యర్థి ఒక్కరి పేరు మీద గానీ, ఎన్నికల ఏజెంటుతో కలిపి గానీ. ఆ ఏజెంటు తప్ప, భార్యదైనా కొడుకుదైనా ఇంకెవరి పేరూ కలపకూడదు. సహకార బ్యాంకైనా, పోస్టాఫీసైనా పనికొస్తుంది. నామినేషన్ ఇచ్చేటప్పుడు ఖాతా నంబరు రిటర్నింగ్ అధికారికి రాసివ్వాలి. సొంత డబ్బైనా సరే ముందు ఆ ఖాతాలో వేసి, తర్వాతే ఖర్చు పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. అభిమానంతో ఎవరో పాత సేవింగ్స్ ఖాతాకు ఫోన్‌పే చేస్తారు, అందులోంచే ఫ్లెక్సీల వాడికి కడతారు. తర్వాత రెండు ఖాతాల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి విడదీయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఒకే మనిషికి మొత్తం ఎన్నికలో నగదుగా ఇవ్వగలిగింది 10 వేలు. షామియానా వాడికి రోజూ 9 వేల చొప్పున నగదు ఇచ్చి వేర్వేరు రసీదులు తెచ్చిపెట్టినా, అన్నీ కలిపే చూస్తారు.

రిజిస్టరులో మూడు భాగాలు, మూడు రంగులు. తెల్ల కాగితాల్లో రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల్లో నగదు, పసుపు కాగితాల్లో బ్యాంకు. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు ఎన్నికల సంఘం పంపిన ఖర్చుల పరిశీలకుడి ముందు పెట్టాలి. ఆ పరిశీలకుడి వైపు వాళ్ల దగ్గర ఇంకో పుస్తకం నడుస్తుంటుంది. వీడియో బృందాలు తీసిన కుర్చీలు, బండ్లు, డీజేలు లెక్కపెట్టి, కలెక్టరు ఖరారు చేసిన రేట్ల ప్రకారం అందులో ఎక్కిస్తారు. మన పుస్తకంలో 300 కుర్చీలు, వాళ్ల దాంట్లో 1,200 కుర్చీలు ఉంటే నోటీసు వస్తుంది. అనుమతి తీసుకున్న బండిని వాడకపోయినా, అనుమతి పత్రం వెనక్కి ఇచ్చేదాకా దాని ఖర్చు మన మీద పడుతూనే ఉంటుంది. నామినేషన్‌కు ముందే కొట్టించి గోదాములో పెట్టిన కండువాలు తర్వాత పంచితే అవీ లెక్కలోకి వస్తాయి.

తెల్ల కాగితాల మీద కుర్రాళ్ల చేత వేలు పెట్టించి చూపించింది కుడి పక్క గడులు. ఈ ఖర్చులో అభ్యర్థి పెట్టిందెంత, పార్టీ పెట్టిందెంత, ఇతరులు పెట్టిందెంత, ఆ ఇతరుల పేరు, చిరునామా ఏంటి. ఈ చివరి గడి చాలా రిజిస్టర్లలో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఖాళీగా ఉంటుంది. నా దృష్టిలో అసలు పుస్తకం రాసేదే ఆ గడి కోసం.

నమూనాకు ఒక డీజిల్ చీటీ బల్ల మీద పెట్టాను. అరచేయంత కాగితం. పైన బంకు రబ్బరు ముద్ర, మధ్యలో బాల్‌పెన్నుతో "10 లీ.", మూలన ఒక పొట్టి సంతకం. బండి నంబరు లేదు, తేదీ లేదు, ఎవరి లెక్కలో పోస్తున్నారో లేదు. ఊరేగింపుకొచ్చే ప్రతి బండికీ ఇలాంటిది ఒకటి చేతిలో పెడతారు. బంకులో ఈ చీటీలన్నీ ఒక ఇనుప కమ్మీకి గుచ్చుకుంటూ పోతారు. ఆ సంతకం ఎవరిదో బంకు మేనేజరుకు తెలుసు. అది రోడ్డు పనులో, కాలువ పనులో చేసే ఒక కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరుది. నెల తిరిగాక టిప్పర్ల డీజిల్, జేసీబీ డీజిల్ బిల్లులో ఇవీ కలిసిపోతాయి. కంపెనీ పుస్తకాల్లో అది సైటు ఖర్చు. అభ్యర్థి పుస్తకంలో అది లేనే లేదు.

దీంట్లో ఎన్ని తప్పులున్నాయో కుర్రాళ్ల చేతే చెప్పించాను. కంపెనీ పరోక్షంగా ఇచ్చినా చందా చందానే, బోర్డు తీర్మానం లేదు, సైటు ఖర్చుగా చూపించింది అబద్ధం. అభ్యర్థి వైపు చూస్తే బండ్ల ఖర్చు పరిశీలకుడి పుస్తకంలో ఎటూ ఎక్కుతుంది. అప్పుడు ఖర్చు ఉంటుంది, దానికి సరిపడా రాబడి ఉండదు. వస్తువు రూపంలో వచ్చిన సాయానికి దారి చాలా సులువు. డీజిల్‌కు ఆ రోజు ధర కట్టి, ఇచ్చినవాళ్ల పేరుతో విరాళంగా ఒక పద్దు, బండ్ల ఖర్చుగా ఇంకో పద్దు, రెండూ రాయడమే. ఫంక్షన్ హాలు ఊరికే ఇచ్చినా ఇంతే. "రాస్తే ఇచ్చినాయన పేరు బయటపడ్తది గద సార్" అన్నాడు ఒకబ్బాయి. పేరు బయటపడాలనే కదా ఆ గడి పెట్టింది.

పరిమితి గురించి కూడా అడిగారు. 2022 జనవరి నుంచి మన తెలంగాణలో అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2 లక్షల 40 వేల మంది ఓటర్లున్న నియోజకవర్గమైతే మనిషికి 17 రూపాయలు కూడా పడదు. దాటితే అవినీతి చర్య కిందికి వస్తుంది. కానీ ఈ హద్దు అభ్యర్థికే, పార్టీకి లేదు. 1974లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చూ అభ్యర్థి లెక్కలోకే రావాలంది. అదే ఏడాది చట్టాన్ని సవరించి ఆ తీర్పును పక్కన పెట్టేశారు. ఇప్పుడు పార్టీ బ్యానరు మీద అభ్యర్థి పేరో ఫొటోనో ఉంటే అభ్యర్థి ఖాతాలోకి, గుర్తూ పెద్ద నాయకుడి బొమ్మా మాత్రమే ఉంటే పార్టీ ఖాతాలోకి. కంపెనీల డబ్బంతా హద్దులేని వైపే ఎందుకు చేరుతుందో ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ డబ్బు ఎంతుంటుందో 2024 మార్చిలో బాండ్ల జాబితా బయటికొచ్చినప్పుడు దేశమంతా చూసింది. 2019 ఏప్రిల్ తర్వాతి కొనుగోళ్లలో రెండో స్థానంలో ఉన్నది హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగే, 966 కోట్లు. పార్టీల్లో భారత రాష్ట్ర సమితికి 1,200 కోట్ల పైచిలుకు వచ్చింది. ఒక నియోజకవర్గంలో 40 లక్షల దగ్గర పెన్ను పట్టుకుని కుర్చీలు లెక్కపెడుతుంటే, పైన లెక్క ఈ స్థాయిలో నడిచింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే. ప్రభుత్వంతో పని ఒప్పందం నడుస్తున్న మనిషి తానే పోటీ చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ కింద అనర్హుడు. ఒప్పందం ఒకచేత్తో, అధికారం ఇంకోచేత్తో ఉండకూడదన్నది దాని ఉద్దేశం. అదే కాంట్రాక్టరు పోటీ చేసేవాడి వెనక నిలబడి చందా ఇస్తే మాత్రం అడ్డు లేదు, నిషేధం ప్రభుత్వ కంపెనీలకే. మన పక్క పెద్ద చందా ఇవ్వగలిగేదెవరు? ఎత్తిపోతలు, సొరంగాలు, రోడ్ల పనులు చేసేవాళ్లు. హుజూర్‌నగర్ చుట్టూ సున్నపురాయి గనుల అనుమతులతో నడిచే సిమెంటు ఫ్యాక్టరీలు. చౌటుప్పల్, జడ్చర్ల వైపు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాల్సిన మందుల కంపెనీలు. ప్రభుత్వ వడ్లు మర పట్టి ఆ బియ్యం తిరిగి అప్పగించాల్సిన మిల్లులు. అందరివీ చెడు ఉద్దేశాలని నేననను. కానీ ప్రభుత్వం సంతకం మీద బతికే వ్యాపారాలు ఇవన్నీ. అందుకే ఎంత ఖర్చయిందన్నదానికంటే ఎవరిచ్చారన్నది జనానికి ముందు తెలియాలి. పార్టీ ఖర్చుకు హద్దు పెట్టాలి, ప్రభుత్వ పనులు చేస్తున్న కంపెనీల చందా ఆపాలి. ఈ మాట అన్ని పార్టీల వాళ్ల ముందూ అంటాను.

డబ్బు లేనివాళ్లు పోటీని వాడుకున్న తీరు కూడా ఈ జిల్లాదే. 1996 లోక్‌సభ ఎన్నికలో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి జనం నామినేషన్లు వేస్తే నల్లగొండలో 480 మంది అభ్యర్థులు తేలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది, పోలింగే వాయిదా పడింది. అప్పుడు డిపాజిట్టు 500 రూపాయలు. ఆ ఏడాదే 10 వేలకు పెంచారు, ఇప్పుడు 25 వేలు. ఆ ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకర పోయినవాడు మళ్లీ అలా నిలబడాలంటే ముందు ఆ పాతిక వేలు పుట్టాలి.

చివర్లో గడువు చెప్పి పంపించాను. ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోగా లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. 2023 డిసెంబరు 3 ఫలితాలకు గడువు 2024 జనవరి 2. ఇవ్వకపోతే, సరిగ్గా ఇవ్వకపోతే, మూడేళ్ల అనర్హత. గెలిచినవాళ్లు సన్మానాల్లో, ఓడినవాళ్లు నిరాశలో ఈ నెలను పోగొట్టుకుంటారు. బిల్లుల సంచి ఎవరింట్లో ఉందో కూడా తెలియదు. ఓడినవాళ్లకూ ఈ నిబంధన ఉందని కుర్రాళ్లకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఒక కుర్రాడు వెళ్తూ, ఈ లెక్కలు మామూలు జనం చూడొచ్చా అని అడిగాడు. చూడొచ్చు. లెక్క అందాక, దాన్ని ఎప్పుడు ఎక్కడ చూడొచ్చో కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెడతారు. ఒక రూపాయి రుసుము కట్టి ఎవరైనా చదవచ్చు, కాపీలకు విడిగా కట్టాలి. మొత్తం కట్ట తీసుకోనక్కర్లేదు. మూడు షెడ్యూళ్లు చాలు: ఏడోది అభ్యర్థి సొంత డబ్బు, ఎనిమిదోది పార్టీ ఇచ్చింది, తొమ్మిదోది బయటివాళ్ల అప్పు, కానుక, విరాళం. ఎనిమిదో దాంట్లో పెద్ద మొత్తం కనబడితే, ఆ పార్టీ ఎన్నికల సంఘానికి ఇచ్చే 24ఏ ఫారం తీయాలి. 20 వేలు దాటిన చందాదారుల పేర్లు అందులో ఉంటాయి. అప్పు అని రాసి ఉంటే, అది తీరిందో లేదో వచ్చే ఎన్నికలో ఆ అభ్యర్థి అఫిడవిట్‌లో అప్పుల జాబితాతో పోల్చి చూసుకోవచ్చు.