గాంధారం కోసం మూడు వారాలు: పాత సౌండ్ మాడ్యూల్‌తో నా అనుభవం

మా బాబాయి ఒకప్పుడు తెనాలిలో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ వాయించేవాడు. ఈ మధ్య ఇల్లు మారుతుంటే అటక మీది సామాను దింపే పని నా మీద పడింది. ఇత్తడి బిందెల వెనక, పాత లుంగీలో చుట్టి, ఒక నల్లటి పెట్టె కనిపించింది. మీటలు లేవు, స్పీకర్ లేదు, ముందు చిన్న డిస్‌ప్లే, పక్కన కొన్ని బటన్లు. రోలాండ్ సౌండ్ క్యాన్వాస్, ఎస్‌సి-55.

"అది ఇంకా ఉందా? ఎవరికో ఇచ్చేశాననుకున్నానే" అన్నాడు బాబాయి. "పని చేస్తే నువ్వే తీసుకెళ్లు."

ఈ పెట్టె 1991లో వచ్చింది. ఏ కంపెనీ వాద్యంలోనైనా 1వ నంబర్ పియానో, 74వ నంబర్ ఫ్లూట్ అయ్యేలా జనరల్ మిడి ఒప్పందం (మిడి అంటే వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే భాష) కుదిరింది కూడా ఆ ఏడాదే. దానికి తగ్గట్టు బయటికొచ్చిన మొదటి మాడ్యూల్ ఇది. తనంతట తాను ఏమీ వాయించదు. కీబోర్డో కంప్యూటరో మిడి కేబుల్ ద్వారా "ఈ స్వరం, ఇంత బలంగా" అని చెబితే ఆ శబ్దం ఇస్తుంది. 16 పార్టులు, అంటే పదహారు వాద్యాలు ఒకేసారి. మొత్తం 24 గొంతులు, అంటే అన్నీ కలిపి ఒకేసారి మోగగలిగే శబ్దాలు అన్ని. ఈ 24 అనే అంకె తర్వాత నన్ను బాగా ఏడిపించింది.

ఇంటికి తెచ్చాక మొదటి గండం అడాప్టర్. ఒరిజినల్ లేదు. ఇంట్లో పాత రౌటర్ అడాప్టర్ ఉంది, పిన్ సరిగ్గా పట్టింది కూడా. స్విచ్ వేయబోతూ, ఎందుకో అనుమానం వచ్చి పెట్టె వెనక ముద్రించిన గుర్తు చూశాను. దీనికి కావలసింది 9 వోల్టులు, పైగా పిన్ మధ్యలో మైనస్ ఉండాలి. రౌటర్‌ది 12 వోల్టులు, మధ్యలో ప్లస్. వేసి ఉంటే కథ అక్కడే ముగిసేది. గిటార్ పెడల్స్‌కి వాడే అడాప్టర్లలో మధ్యలో మైనస్ ఉండేవి దొరుకుతాయి. అలాంటిది, కరెంట్ సరిపోయేది చూసి తెచ్చాను. డిస్‌ప్లే నారింజ రంగులో వెలిగింది. బాబాయికి వీడియో కాల్ చేసి చూపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పెట్టె వెలిగాక పని కూడా దొరికింది. చెల్లెలి పెళ్లిలో పిన్ని ఒక మంగళహారతి పాడాలి, మోహన రాగంలో. వెనకాల సన్నాయి, వీణ, తంబురా శ్రుతి ఉండేలా ఒక ట్రాక్ చేసిపెట్టమంది. ల్యాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌తో చేస్తే గంటలో అయిపోయే పని. నేనే పట్టుబట్టి ఈ పెట్టెతోనే చేస్తానన్నాను. పెళ్లికి నాలుగు వారాలుంది.

మొదటిరోజు వచ్చిన శబ్దం చెప్పుకోకపోవడం మేలు. పాత సెల్‌ఫోన్ రింగ్‌టోన్ గుర్తొచ్చింది. సన్నాయి కోసం 112 నొక్కితే గుడి గంటల్లాంటివి మోగాయి. అది మాత్రం తేలిగ్గానే దొరికింది. పెట్టె 1 నుంచి 128 దాకా లెక్కపెడుతుంది, నా సాఫ్ట్‌వేర్ 0 నుంచి 127 దాకా. 111 పంపితే సన్నాయి వచ్చింది. వచ్చింది గానీ గొంతు నొక్కినట్టు, ప్రతి స్వరం ఒకే బలంతో, గోడకు మేకులు కొట్టినట్టు ఉంది.

అసలు చిక్కు దాని తర్వాత మొదలైంది. ఈ పెట్టెలో ప్రతి శబ్దాన్నీ కొంత మలచుకోవచ్చు. శబ్దం ఎంత మెల్లగా లేవాలి, ఎంత మొద్దుగా లేదా పదునుగా ఉండాలి, కంపనం ఎప్పుడు మొదలవ్వాలి, ఇవన్నీ ఎన్ఆర్‌పిఎన్ అనే సందేశాలతో మారతాయి. మాన్యువల్ చూసి అన్నీ పంపాను. ఏ మార్పూ లేదు. 105వ నంబర్ సితార్‌కి బ్యాంక్, అంటే శబ్దాల అర, మారిస్తే రెండో రకం సితార్ వస్తుందని రాసి ఉంది. అదీ రాలేదు. కేబుల్ మీద అనుమానం వచ్చింది. నేను వాడుతున్నది చౌకరకం యూఎస్‌బీ మిడి కేబుల్, పొడుగు సందేశాలు పంపితే మధ్యలో బైట్లు మింగేసే బాపతు. దాన్ని పక్కన పెట్టి తెలిసినవాళ్ల దగ్గర మంచి ఇంటర్‌ఫేస్ ఎరువు తెచ్చాను. అయినా అంతే.

రెండు సాయంత్రాలు పోయాక, సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్తున్న సందేశాలన్నీ ఒక్కొక్కటిగా చూస్తే దొంగ దొరికాడు. ప్లే నొక్కిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ముందుగా "జనరల్ మిడి ఆన్" అనే సందేశం పంపుతోంది. అది అందగానే ఈ పెట్టె మంచి బాలుడిలా ఒప్పందంలో ఉన్నంతవరకే వింటుంది. బ్యాంక్ మార్పులు, ఎన్ఆర్‌పిఎన్‌లు వినడం మానేస్తుంది. చెవులు మళ్లీ తెరవాలంటే జిఎస్ (జనరల్ మిడికి రోలాండ్ వాళ్ల సొంత పొడిగింపు) రీసెట్ పంపాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ మొదటి సందేశాన్ని ఆపేసి, పాట మొదట్లో జిఎస్ రీసెట్ పెట్టాను. రీసెట్ అయ్యాక పెట్టె తేరుకోవడానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఒక ఖాళీ బార్ వదిలి మిగతావి పంపాను. రెండో సితార్ మోగింది. ఆ రాత్రి ఒంటిగంటకి ఇంట్లో వాళ్లు లేచి వచ్చి తిట్టారు.

అక్కడినుంచి పని వేగంగా సాగింది. సన్నాయికి ప్రాణం వచ్చింది కంట్రోలర్ 11తో, అంటే పాట నడుస్తుండగా శబ్దాన్ని పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ సందేశంతో. కంట్రోలర్ 7 కూడా వాల్యూమే గానీ దాన్ని పాట మొదట్లో ఒకసారి పెట్టి వదిలేయాలి, వాద్యాల మధ్య బ్యాలెన్స్ కోసం. ఊపిరి పని 11ది. సన్నాయి విద్వాంసుడు ఊపిరి పట్టి, స్వరాన్ని నింపి, చివర్లో వదిలేస్తాడు కదా, ఆ వంపు ప్రతి పలుకుకీ గీయాలి. ఒక నిమిషం పాటకి నాకు ఒక పూట పట్టింది. వేరే ఏ సెట్టింగూ ఇంత తేడా తేలేదు. ఎవరైనా అడిగితే ఇదొక్కటే చెబుతాను.

వీణకి సితార్ పనికిరాదు. జవారీ మోత, అంటే తీగ జుమ్మనే మోత, ఎక్కువ, మన చెవికి ఉత్తరాది వాసన కొడుతుంది. 25వ నంబర్ నైలాన్ గిటార్ తీసుకుని, ఫిల్టర్ కొంచెం దించి పదును తగ్గించి, ఎటాక్ (శబ్దం లేచే తీరు) ఒక్క పిసరు మెల్లగా చేసి, రివర్బ్ (ప్రతిధ్వని) తగ్గిస్తే వీణకి దూరపు చుట్టంలా ఉంటుంది. తక్కిన పోలిక గమకంలో రావాలి.

గమకం అంటే పిచ్ వీల్, స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం. మామూలుగా వీల్ పైకి రెండు అర స్వరాలు, కిందికి రెండు అర స్వరాలు మాత్రమే జరుగుతుంది. షడ్జం నుంచి పంచమానికి జారు వేయాలంటే ఏడు కావాలి. ఆ హద్దుని 12 చేసి చూశాను. వేలు కొంచెం వణికితే స్వరం ఊరు దాటి పోతోంది. చివరికి 7 పెట్టాను. వీల్‌ని కొసాకి నెడితే సరిగ్గా పంచమం. చేతికి ఒక గుర్తు దొరికింది, లోపలి గమకాలు కూడా అదుపులోకొచ్చాయి.

ఇదంతా అయ్యాక రికార్డ్ చేసి బాబాయికి పంపాను. పది నిమిషాల్లో ఫోన్.

"బానే ఉందిరా. గాంధారం ఏంటి అలా గుచ్చుతోంది?"

"కీబోర్డ్ గాంధారమే కదా బాబాయ్."

"అదే చెప్తున్నా. పిన్ని పాడే గాంధారం అది కాదు. తంబురా పెట్టుకుని విను."

విన్నాను. నిజమే. కీబోర్డ్‌లో స్థాయిని పన్నెండు సమానమైన ముక్కలు చేస్తారు, ఒక్కొక్కటి 100 సెంట్లు. అంతర గాంధారం 400 దగ్గర కూర్చుంటుంది. తంబురాతో కలిసిపోయే గాంధారం సుమారు 386. పధ్నాలుగు సెంట్లు అంటే వినడానికి ఎంతో కాదు గానీ, నిలిపి పట్టే స్వరం మీద పంటి కింద రాయిలా తగులుతుంది. మామూలు కీబోర్డ్‌లో ఏమీ చేయలేమని నేను సరిపెట్టుకునేవాణ్ణి. కానీ ఈ పెట్టెలో, ముందువైపు ఏ బటన్ కిందా కనపడకుండా, స్కేల్ ట్యూనింగ్ అని ఒక సదుపాయం ఉంది. పన్నెండు స్వరాల్లో ప్రతిదాన్నీ విడివిడిగా 64 సెంట్లు కిందికి, 63 సెంట్లు పైకి జరపొచ్చు. ఒక్కో పార్టుకి విడిగా కూడా.

మోహనకి కావలసినవి నాలుగే. రిషభం 4 పైకి, గాంధారం 14 కిందికి, పంచమం 2 పైకి, ధైవతం 16 కిందికి. 64 అంటే కదలకుండా ఉన్నట్టు. కాబట్టి పంపాల్సిన అంకెలు 68, 50, 66, 48, మిగతా ఎనిమిదీ 64. ఇవి సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశంగా, అంటే ఆ కంపెనీ పెట్టెకి మాత్రమే అర్థమయ్యే సందేశంగా వెళ్లాలి, చివర్లో చెక్‌సమ్ (తప్పు పట్టే సరిచూపు అంకె) ఉండాలి. అది తప్పితే పెట్టె సందేశాన్ని పట్టించుకోదు. నేను పన్నెండు అంకెలూ కూడి, 128తో భాగించి, శేషాన్ని 128 నుంచి తీసేస్తే 24 వచ్చింది. పంపితే పెట్టె ఒప్పుకోలేదు. మూడుసార్లు కూడాను, అదే 24. ఏ పార్టుకి, ఏ సెట్టింగ్‌కి అని చెప్పే చిరునామా బైట్లు మూడింటిని కూడా కలపాలని మాన్యువల్‌లో ఉన్న ముక్క నేను దాటేశాను. అవి కలిపితే 7. వెళ్లింది.

తర్వాత పాటని పిన్ని శ్రుతికి మార్చాలి. నేను ఒకటి శ్రుతిలో చేసుకున్నాను, ఆమె పాడేది ఐదులో. షడ్జం మారింది కాబట్టి అంకెలన్నీ కొత్త స్థానాలకి జరగాలి. మళ్లీ ఈ లెక్కా అనుకున్నాను గానీ, స్థానాలు మారినా మొత్తం మారదు కదా, చెక్‌సమ్ అదే 7. వీణ రెండో పార్టులో ఉంది, దాని చిరునామా ఒకటి ఎక్కువ, దానికి 6. ఇంత చిన్నదానికి నేను పొందిన ఆనందం ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

బాబాయికి మళ్లీ పంపాను. "గాంధారం కుదిరింది. కానీ వీణ గాంధారం నుంచి పంచమానికి జారినప్పుడు కింద పడుతోంది చూడు."

ఈయన చెవికి మొక్కాలి. పిచ్ వీల్‌కి స్కేల్ ట్యూనింగ్‌తో సంబంధం లేదు. నేను గాంధారం మీట నొక్కి మూడు అర స్వరాలు, అంటే 300 సెంట్లు పైకి జరుపుతున్నాను. కానీ దించిన గాంధారం నుంచి ఎత్తిన పంచమానికి దూరం 316. ఆ పదహారు సెంట్లే ఆయనకి వినపడుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆ జారు దగ్గర వీల్ విలువ 3511 ఉంది, దాన్ని 3698 చేశాను. పాటంతా వెతికి ఇలాంటి జారులు పంతొమ్మిది సరిచేశాను.

ఇక 24 గొంతుల సంగతి. అన్నీ కలిపి వాయిస్తే మధ్యలో తంబురా తెగిపోతోంది. కొన్ని శబ్దాలు ఒక్కో స్వరానికి రెండేసి గొంతులు తింటాయి, పైగా తీగ వాద్యాల మోత ఆగేదాకా గొంతు ఖాళీ అవదు. చాలకపోతే ఈ పెట్టె డ్రమ్స్ ఉండే పదో పార్టుకి మొదటి మర్యాద చేస్తుంది, తర్వాత ఒకటి, రెండు, అలా. నేను తంబురాని పదహారులో పెట్టాను, అంటే బంతిలో చివరి విస్తరి. దాన్ని ఒకటికి మార్చి, సన్నాయిని మూడుకి పంపాను. ట్యూనింగ్ సందేశాలు కూడా దానికి తగ్గట్టు మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ బాధ కూడా ఎందుకని, వెనకున్న ఆర్‌సిఎ ఆడియో సాకెట్ల నుంచి ఒక్కో వాద్యాన్నీ విడిగా రికార్డ్ చేశాను. అప్పుడు ప్రతి వాద్యానికీ 24 గొంతులూ దాని సొంతమే. మొదటి రోజే ఇలా చేసి ఉండాల్సింది.

ఓడిపోయింది డోలక్ దగ్గర. ఇందులో డోలక్ లేదు, తబలా లేదు. కాంగో, బాంగో అనే చేతి డ్రమ్స్‌ని ఎన్ఆర్‌పిఎన్‌తో పిచ్ మార్చి, రివర్బ్ తీసేసి, నాలుగు రోజులు గింజుకున్నాను. దెబ్బ ఉంది గానీ గుమ్ము లేదు. ఎడమచెయ్యి రుద్దుతూ తీసే ఆ గుమ్ము వీల్‌తో రాలేదు. పెళ్లి ఇంకో వారం ఉందనగా వదిలేసి, బాబాయితో పాత రోజుల్లో వాయించినాయన్ని పిలిచాం. ఫోన్ స్టాండ్‌కి మైకు కట్టి, హాల్లో దుప్పట్లు వేలాడదీసి, రెండు టేకుల్లో వాయించేసి టీ తాగి వెళ్లిపోయాడు.

హారతి రోజు పిన్ని కళ్లు మూసుకుని పాడింది. బాబాయి స్పీకర్ పక్కనే కుర్చీ వేసుకుని, గాంధారం వచ్చిన ప్రతిసారీ నా వైపు చూశాడు. భోజనాల దగ్గర ఎవరో సన్నాయి ఎవరిదని అడిగితే, "మావాడిదే" అన్నాడు. పెట్టె గురించి చెప్పలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ తెనాలి వెళ్తున్నాను. అటక మీద ఆ లుంగీ మూటకింద ఫ్లాపీల డబ్బా కూడా ఉందట.