గుమ్మం దగ్గర ఆగిపోయిన వీల్‌చైర్

నాన్నకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది, ఎడమ చెయ్యీ కాలూ సరిగా స్వాధీనంలో లేవు. రాజమండ్రిలో గోదావరి స్నానం చేసి అన్నవరంలో వ్రతం చేయించుకోవాలని ఆయన కోరిక. రైలు, కారు, కొండ మీద గది, అన్నీ ఫోన్లో కనుక్కున్నాను గానీ బాత్రూమ్ గుమ్మం ఎంత వెడల్పని మాత్రం ఎవర్నీ అడగలేదు.

రాజమండ్రిలో మేం దిగిన సత్రంలో బాత్రూమ్ తలుపు 24 అంగుళాలు, మా వీల్‌చైర్ 25. పైగా జానెడు గడప, లోపల నున్నటి టైల్స్, పట్టుకోవడానికి కుళాయి తప్ప ఇంకేమీ లేదు. అన్నయ్యా నేనూ చెరో చంక కింద చెయ్యేసి తీసుకెళ్తుంటే, రైల్లో అంతసేపు కబుర్లు చెప్పిన మనిషి మా మొహాలు చూడకుండా గోడ వైపు చూస్తూ ఉండిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

వాచ్‌మన్ చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చిచ్చాడు. దాన్ని గోడకు ఆనించి, కాళ్ల కింద గోనెపట్టా పరిచి, కుడిచేతి వైపు స్టూలు మీద బకెట్ పెట్టాం. వంగకుండానే చెంబు అందింది. "ఇక మీరు బయటికెళ్లండ్రా" అన్నారు. తలుపు ఓరగా వేసి నిలబడితే నీళ్ల చప్పుడు, మధ్యమధ్యలో "గోవిందా" అని వినిపించింది.

తెల్లారి రేవులో మెట్ల మీద పాచి, దించే ధైర్యం లేకపోయింది. పై మెట్టు మీదే కూర్చోబెట్టి బిందెలతో నీళ్లు పోశాం, పంతులుగారు అక్కడే సంకల్పం చెప్పారు.

2027లో గోదావరి పుష్కరాలు. అప్పటికి రేవుల్లో వీల్‌చైర్ దిగేలా ర్యాంపు (వాలుదారి) కట్టమందామంటే, దానికి అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి, మెట్టు అరడుగనుకున్నా 20 మెట్లకు 120 అడుగులు. అంత చోటు ప్రతి రేవులోనూ దొరకదు, ఒప్పుకుంటాను. కానీ ఒడ్డున చదునైన చోట నది నీళ్ల షవరు, కింద బెంచీ, గోడకు పట్టుకునే కమ్మీ, మూడడుగుల తలుపు పెట్టొచ్చు కదా! 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా బహిరంగ ప్రదేశాలు వీళ్లకు అందుబాటులో ఉండాలనే చెబుతోంది. దర్శనానికి వీల్‌చైర్ ఇస్తే సరిపోదండీ, స్నానం చెయ్యకుండా గుళ్లోకి వెళ్లడానికి మా నాన్నలాంటివాళ్లకు మనసొప్పదు.

అన్నవరంలో గది తాళం తియ్యగానే, సంచి ఇంకా కింద పెట్టకముందే నాన్న అన్నారు: "ముందు బాత్రూమ్ తలుపు కొలిచి రారా."