చోళ్లు మాల్ట్ అయ్యేదాకా: నా అనుభవం

మొన్న శనివారం విజయనగరంలో సంఘాల సరుకుల ఎంపికలో మా సంఘం చోడి మాల్ట్, అంటే మొలకెత్తించిన చోళ్ల (రాగుల) పిండి, పాసైంది. మూడు నెలల కిందట అదే హాల్లో, అదే బల్ల ముందు నా తల కొట్టేసినట్టయింది. మా గజపతినగరం వైపు ఈ పని మొదలెడుతున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి నా గతి పట్టకూడదని మర్చిపోకముందే రాస్తున్నాను.

కాయితాల పని సుళువుగానే అయింది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నెట్ సెంటర్ కుర్రాడు పెట్టాడు, 14 అంకెల నంబరు వచ్చింది. చోళ్లు చెరిగి, రాళ్లు తీసి, కడగడం మాకెవరూ నేర్పక్కర్లేదు.

మాల్ట్ మాత్రం రెండు రోజుల శిక్షణలో నేర్పారు. రాత్రి నానబెట్టి, పొద్దున్న మూట కట్టి, మర్నాడు తెల్లటి మొలక కనపడగానే ఎండబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి పిండి పట్టించమన్నారు. ఎందుకు వేయించాలండీ అని నేనే అడిగాను. "చెప్పినట్టు చెయ్యండమ్మా, ప్రశ్నలొద్దు" అన్నారు. ఆ మాట ఖరీదు నాకు తర్వాత తెలిసింది.

విజయనగరంలో సంఘాల సరుకులు ఎంపిక చేసే రోజు పదకొండు మందిమి వెళ్లాం. మా పిండితో అక్కడే జావ కాచి ఇవ్వమన్నారు. కాచాను. మాల్ట్ జావ పలచగా జారాలి, మాది రెండు నిమిషాల్లో గట్టిపడిపోయింది. నీళ్లు పోస్తే ఉండలు కట్టింది. చూడ్డానికొచ్చిన ఆయన గరిటె అందులో గుచ్చి వదిలేశారు. గరిటె అలాగే నిలబడింది. "ఇది మాల్టా అమ్మా? పోస్టర్లు అంటించుకోడానికి బాగుంటుంది" అన్నారు. పక్క బల్లల దగ్గరవాళ్లు నవ్వారు. నవ్వితే పోయేది, ఆయన ఆగలేదు. "ఉత్త చోడిపిండికి మాల్ట్ అని పేరు పెట్టి రేటు పెంచుతారు, పసిపిల్లల తల్లుల్ని మోసం చేస్తారు" అన్నారు. మోసం అన్న మాట నా జన్మలో ఎవరిచేతా పడలేదు. మూడు రోజులు కూర్చుని తడిగుడ్డలు మార్చినవాళ్లం మేము. కాంప్లెక్సులో బస్సెక్కిందగ్గర్నుంచి ఊరొచ్చేదాకా ఒక్కరూ నోరెత్తలేదు.

ఆ తర్వాత మళ్లీ రెండుసార్లు చేశాను, అచ్చం అలాగే వచ్చింది. తప్పెక్కడుందో అంతుపట్టలేదు. మొలక వచ్చింది, వాసన వచ్చింది, మరి జావ ఎందుకు పలచబడదు?

మా అప్ప కొడుకు రణస్థలం వైపు బీరు ఫ్యాక్టరీలో కొన్నాళ్లు ల్యాబ్‌లో పనిచేశాడు. వాడికి ఫోన్ చేశాను. బీరుకి కూడా మాల్టే కావాలి, అక్కడ బార్లీ, మనకి చోళ్లు, అంతే తేడా. వాడు మొదట అడిగింది ఒక్కటే: "పిన్నీ, మొలకెత్తాక ఏం చేశావు?" వేయించానన్నాను. "అయితే అందులో ప్రాణం లేదు పిన్నీ. చంపేశావు" అన్నాడు.

గింజ మొలిచేటప్పుడు ఎంజైములు పుడతాయి. అవి గింజలోపలి గోడల్ని, మాంసకృత్తుల్ని కరిగించి పిండిని గుల్ల చేస్తాయి. ఆ గుల్లబారడాన్నే మాల్టు వాళ్లు మాడిఫికేషన్ అంటారు. తర్వాత వేడినీళ్లలో ఆ ఎంజైములే పిండిలోని గంజి పదార్థాన్ని తెగ్గొట్టి పలచన చేస్తాయి. జావ పలచబడేది వాటివల్లే, వాసనవల్ల కాదు. బాణలి వేడికి అవి చచ్చిపోతాయి.

రెండో తప్పు కూడా వాడే పట్టుకున్నాడు. తెల్లగా ముందు బయటికొచ్చేది గింజ వేరే, మొలక కాదు. బార్లీలో అయితే లోపలి మొలక గింజ పొడవులో ముప్పాతిక వంతైనా పాకిందాకా ఆగుతారట. సగంలో ఆపేస్తే గింజ కొసలు రాయిలా మిగిలిపోతాయి. పూర్వం అలాంటి అరకొర మాల్టే వచ్చేది కాబట్టి బీరు చేసేవాళ్లు మాల్ట్ కలిపిన నీళ్లని ముందు 50 డిగ్రీల దగ్గర అరగంట నిలిపి, ఆ తర్వాతే 65 దాకా వేడి పెంచేవారు. దాన్ని ప్రోటీన్ రెస్ట్ అంటారు. ఇప్పటి మాల్ట్ పూర్తిగా గుల్లబారి వస్తుంది కాబట్టి ఆ పని దండగ, పైగా చేస్తే బీరు మీద నురగ నిలవదట. ప్రోటీన్ రెస్ట్ అంటే మూటలో ఎగ్గొట్టిన పనిని గిన్నెలో తీర్చుకోవడమన్నమాట.

నేను విన్నది ఊరికే నమ్మే మనిషిని కాను. గంటస్తంభం దగ్గర ఒక థర్మామీటరు కొన్నాను. ఉత్త చోడిపిండితో గట్టి జావ కాచి, 70 డిగ్రీలకి దిగాక మూడు గ్లాసుల్లో పోశాను. ఒకదాన్లో మా వేయించిన మాల్ట్ ఒక చెంచా, రెండోదాన్లో ఒక్కరోజు మొలిచి వేయించనిది, మూడోదాన్లో రెండు రోజులు దాటి మొలిచి వేయించనిది. మొదటి గ్లాసు పది నిమిషాలకి కూడా కదల్లేదు. రెండోది బద్ధకంగా సాగింది. మూడోదాన్ని తిప్పుతుంటే నా చేతికిందే చెంచా తేలికైపోయింది, అయిదు నిమిషాల్లో మజ్జిగలా జారింది. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను.

ప్రోటీన్ రెస్ట్ కూడా చేసి చూశాను. ఒక్కరోజు పిండిని 50 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి పోస్తే కాస్త మెరుగైంది. రెండు రోజులు మొలిచినదానికి ఏ తేడా లేదు. వేయించినదానికి ఎన్ని రెస్టులిచ్చినా చచ్చింది చచ్చిందే.

ఇప్పుడు మేం చేసే పద్ధతి ఇది. పన్నెండు గంటలు నానబెడతాం, మధ్యలో ఒకసారి నీళ్లు మారుస్తాం. తడి గోనెపట్టాలో 48 గంటలు తక్కువ కాకుండా మొలకెత్తిస్తాం, పూటకి రెండుసార్లు తిరగేస్తాం. తిరగెయ్యకపోతే లోపల వేడెక్కి పులిసిన కంపు వస్తుంది, బూజు పడుతుంది. శ్రావణంలో ఎనిమిది కేజీలు అలా పోయాయి, పెంటకుప్పలో పారబోశాం. బూజు పట్టినదాన్ని కడిగి ఎండేసి అమ్మేవాళ్లున్నారు, వాళ్లకి పిల్లలు లేరా? తడి గింజని నేరుగా రేకుల మీద ఎండెయ్యకండి. తడిమీదున్నప్పుడే వేడికి ఎంజైములు ఎక్కువ చస్తాయి. ముందు నీడన ఫ్యాను కింద ఆరాక అప్పుడు ఎండ. తర్వాత గోనె మీద రుద్ది వేళ్లు రాల్చి, చేటతో చెరగాలి, లేకపోతే చేదు. కొరికి చూస్తే సుద్దముక్కలా చిట్లాలి. టక్కుమంటే ఇంకా గుల్లబారలేదు.

వాసన కావాలంటే పదో వంతు విడిగా వేయించి కలపండి. బీరువాళ్లూ అంతే చేస్తారు: తెల్ల మాల్ట్ పనికి, మాడ్చిన మాల్ట్ రంగుకి, వాసనకి.

విత్తనాల పాకెట్ల చోళ్లు వాడొద్దు, వాటికి మందు పట్టించి ఉంటారు. విజయనగరం పరిశోధన స్థానం ఇచ్చిన చంపావతి, వేగవతి రకాలు మా చుట్టుపక్కల రైతుల దగ్గరే దొరుకుతాయి. కొనేముందు వంద గింజలు తడిగుడ్డలో వేసి ఎన్ని మొలుస్తాయో లెక్కపెట్టుకోండి.

పసివాళ్లకి పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పిల్లల పొట్ట చిన్నది. ఉత్త పిండితో జావ జారాలంటే నీళ్లెక్కువ పొయ్యాలి, అప్పుడు పొట్టలోకి పోయేవి నీళ్లే. మాల్ట్ చెంచా వేస్తే ఎక్కువ పిండి పెట్టినా జారుతుంది. మాల్ట్ వేసి పలచబడ్డాక మాత్రం మళ్లీ ఒక పొంగు రానివ్వాలి, పచ్చిది పొయ్యకూడదు.

శనివారం నేను మా పిండితో జావ కాచలేదు. అక్కడే, వాళ్ల పిండితోనే గట్టిగా కాయించాను. గరిటె నిలబెట్టి చూపించాను. "మీరు వేసుకోండి సార్" అని మా మాల్ట్ పొట్లం, చెంచా ఆరోజు గరిటె గుచ్చిన ఆయన చేతికే ఇచ్చాను. ఆయన తిప్పారు. గరిటె మెల్లగా పక్కకి ఒరిగింది. ఇంకాసేపటికి గిన్నె అంచుకి ఆనింది. ఆయన మళ్లీ పొంగించి ఒక గ్లాసు తాగి, ఇంకో అర గ్లాసు పోయించుకుని సంతకం పెట్టారు. వెనక నిలబడ్డ మా పదిమందీ ఒక్కసారి చప్పట్లు కొట్టారు.

ఆరోజు అన్న మాట గురించి మాత్రం ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు. రాత్రికి ఇరవై కేజీలు నానబెట్టాం.