ఓడ కోసం వెతికిన వంకర చెట్టు

పాతకాలపు ఓడల కలప గురించి చదవడం మొదలుపెట్టిన కొత్తలో, ఓడకు నిటారుగా పెరిగిన చెట్లే కావాలని అనుకునేవాడిని. తెరచాప కొయ్యలకు అవి కావలసిందే గాని, ఓడ పొట్టకు ఆకారమిచ్చే పక్కటెముకలకు మాత్రం వంకర కలపే మేలు. నిటారు దూలాన్ని బాడిసతో విల్లులా చెక్కితే వంపు పొడవునా నార తెగుతుంది, బరువు పడినప్పుడు అక్కడే విరుగుతుంది. అందుకే ఇంగ్లండు ఓడపనివారు దట్టమైన అడవుల్లో కంటే పొలాల గట్ల మీద కొమ్మలు చాచి ఒంటరిగా పెరిగిన ఓక్ చెట్లను ఎక్కువగా వెతికేవారు. కాండం నుంచి కొమ్మ చీలే మూలను ఉన్నదున్నట్టుగా కోసి, ఓడ గోడకూ అంతస్తు దూలానికీ మధ్య బిగించేవారు. మడిచిన మోకాలిలా ఉంటుంది కనుక దాని పేరు కూడా మోకాలే.

పలకల విషయంలో నాకు బాగా నచ్చింది వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా సముద్రయాత్రికులైన వైకింగుల పని. వాళ్లు రంపం జోలికి పోకుండా, అప్పుడే నరికిన పచ్చి ఓక్ మొద్దును నడిమికి చీల్చి, ఆ సగాన్ని మళ్లీ సగానికి చీలుస్తూ 16 ముక్కల దాకా, మొద్దు మంచిదైతే ఇంకా ఎక్కువే తీసి, ఒక్కొక్కదాన్నీ గొడ్డలితో చదును చేసేవారు. చీలిక నార వెంటే నడుస్తుంది కాబట్టి పలక పలుచనైనా గట్టిగా ఉండి, అలకు వంగుతుంది. డెన్మార్కులో 1962లో తవ్వితీసిన స్కుల్డెలెవ్ అనే వైకింగు ఓడల్లో ఇలాంటి పలకలను నేటికీ చూడవచ్చు. కలప వృథా మాత్రం చాలానే!

పెద్ద యుద్ధనౌకలకు పచ్చి కలప పనికిరాదు, త్వరగా కుళ్లుతుంది. 1759లో మొదలైన బ్రిటిష్ నౌక విక్టరీకి దాదాపు 6,000 చెట్లు పట్టాయి. యుద్ధావసరం తగ్గడంతో దాని అస్థిపంజరం ఏళ్ల తరబడి ఆరుబయటే నిలిచిపోయి, 1765లో గాని నీటిలోకి దిగలేదు. ఆ ఆలస్యంలో కలప బాగా ఆరడం వల్లే నౌక ఇంతకాలం నిలిచిందని చెబుతారు.

అయితే ఓక్‌లోని వగరు రసం ఇనుప మేకులను తినేస్తుంది. చేవదేరిన టేకులో నూనె ఉండటం వల్ల ఆ బెడద తక్కువ. ఇంగ్లండులో ఓక్ కరువైనప్పుడు బొంబాయిలో మలబారు టేకుతో కట్టి 1817లో నీటిలోకి దింపిన ట్రింకోమలీ అనే నౌక ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటి మీద తేలుతూనే ఉంది.